మనస్తత్వ నిపుణులపై ప్రభుత్వ నియంత్రణ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ సైకాలజీ రెగ్యులర్‌గా చదివాను. ఎంఫిల్ చేయలేదు కాబట్టి క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు నమోదు చేసే కేంద్ర పునరావాస రిజిస్టరులో నా పేరు లేదు. ఈ విషయాన్ని ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే కింద నేను రాసిన అభిప్రాయాలు ఆ స్థానంలో నిలబడి రాసినవి. కావలి, ఒంగోలు, ఆత్మకూరు, పొదిలి వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు, సైకాలజీ చదువుతున్న విద్యార్థులు, ఇదే వృత్తిలో ఉన్న స్నేహితులు పదేపదే అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఒకచోట ఉంటే మేలని వీటిని కూర్చాను.

సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలర్ అందరూ ఒకటేనా?

కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపై మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందుల చీటీ రాసే అధికారం ఆయనకు ఉంది. క్లినికల్ సైకాలజిస్టు సైకాలజీలో పీజీ చేసి, ఆపైన ఆసుపత్రిలో పర్యవేక్షణలో రెండేళ్ల శిక్షణ (ఎంఫిల్) పొందిన వ్యక్తి. మానసిక పరీక్షలు చేయడం, సైకోథెరపీ (మాటల ద్వారా చేసే చికిత్స) ఇవ్వడం ఆ వృత్తి. మందులు రాయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 106వ సెక్షను ప్రకారం ఎవరూ తమ వృత్తి అనుమతించని మందును గానీ చికిత్సను గానీ సూచించకూడదు. ఇక కౌన్సెలర్ అనే మాటకు నేటికీ మన దేశంలో గట్టి చట్టపరమైన హద్దు లేదు. ఎమ్మెస్సీ చదివి ఏళ్ల తరబడి పనిచేసిన వారూ, వారాంతపు శిక్షణకు హాజరై సర్టిఫికెట్ తెచ్చుకున్న వారూ బోర్డు మీద అదే మాట రాసుకోగలుగుతున్నారు.

సైకాలజిస్టులను నియంత్రించే చట్టం ఏది?

ఒక్కటి కాదు, మూడు ఉన్నాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ఈ మండలిని అందరూ ఆర్‌సీఐ అంటారు. 1986లో సొసైటీగా మొదలై, 1993 జూన్ 22న చట్టబద్ధ సంస్థ అయింది. వికలాంగుల పునరావాసం కోసం పనిచేసే వృత్తుల వారి చదువులను గుర్తించి, వారి పేర్లను కేంద్ర రిజిస్టరులో నమోదు చేయడం దీని పని. ఇది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. ఆ చట్టం పునరావాస నిపుణుల జాబితా ఇస్తూ క్లినికల్ సైకాలజిస్టులను రెండో స్థానంలో చేర్చింది. వారి వెనుకనే మూడో స్థానంలో వినికిడి యంత్రాలు, చెవి అచ్చులు తయారు చేసే టెక్నీషియన్లు ఉంటారు. ఆ పని చేసేవారి మీద నాకు గౌరవం ఉంది. కానీ కుంగుబాటు, భయాలు, మద్యం వ్యసనం, భార్యాభర్తల తగవులు, పరీక్షల ఒత్తిడి వంటివాటితో రోజంతా గడిపే వృత్తిని పునరావాసం అనే ఒక్క గదిలో పెట్టిన తీరు ఆ జాబితా చూస్తే అర్థమవుతుంది. రిజిస్టరులో పేరు లేకుండా పునరావాస నిపుణుడిగా పనిచేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 13వ సెక్షను చెబుతోంది.

రెండోది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ఇది ఆరోగ్య శాఖది. ఈ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలో మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఏర్పడాలి. క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను అది నమోదు చేసుకుని జాబితా ప్రచురించాలి. ఆ మూడు వృత్తుల పేర్లే అందులో ఉన్నాయి.

మూడోది 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. ఇదీ ఆరోగ్య శాఖదే. ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల నిపుణులు అనే వర్గం కింద సైకాలజిస్టులను, కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను ఇందులో చేర్చారు. అయితే సైకాలజిస్టు అన్న మాట పక్కనే, పునరావాస మండలి పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులు మినహా అని రాశారు. ఒకే వృత్తిలోని అన్నదమ్ముల్లో ఒకరు ఒక మంత్రిత్వ శాఖకు, మరొకరు ఇంకో మంత్రిత్వ శాఖకు దత్తత పోయినట్టయింది.

ఎంఫిల్ లేకుండా ఎమ్మే, ఎమ్మెస్సీతో ప్రాక్టీసు చేయడం నేరమా?

క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకుంటే నేరం. ఆ పేరుతో సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టినా, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పబోయినా పునరావాస మండలి చట్టం ఒప్పుకోదు. ఆ హోదా చెప్పుకోకుండా కౌన్సెలింగ్ చేయడాన్ని మాత్రం ఆ చట్టం పేరు పెట్టి నిషేధించలేదు. 2021 చట్టం కింద రాష్ట్ర మండళ్లు పూర్తిగా పనిచేయడం మొదలైతే మా వంటి వారికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది. ఆ చట్టం వచ్చిన ఆరు నెలల్లో రాష్ట్రాలు మండళ్లు ఏర్పాటు చేయాలి. మూడేళ్లు గడిచినా పని సాగకపోవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని రెండు నెలల గడువు పెట్టింది. అప్పటికి మండళ్లు ఏర్పాటు చేసినవి 14 రాష్ట్రాలేనని కోర్టు దృష్టికి వచ్చింది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. గది అద్దెకు తీసుకున్న కొత్తలో బోర్డు కోసం ఫ్లెక్సీలు ప్రింటు చేసే అంగడికి వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి నా పేరు, చదువు టైపు చేసి, తెర నా వైపు తిప్పి, "మేడం, సైకాలజిస్ట్ ముందు క్లినికల్ అని పెట్టమంటారా? అందరూ పెట్టిస్తున్నారు, బోర్డుకు నిండుగా ఉంటుంది" అన్నాడు. నేను వద్దనే లోపే పెట్టేశాడు కూడా. నీలం రంగు అక్షరాల్లో ఆ మాట నా పేరు కింద ఒక నిమిషం పాటు కనబడింది. తీయించేశాను. ఆ అబ్బాయిది తప్పు కాదు. రెండేళ్లు ఆసుపత్రి వార్డుల్లో నిలబడి సంపాదించుకోవలసిన హోదాను ఎవరైనా ఒక బోర్డుతో తగిలించుకోగలిగినంత తేలికగా వదిలేసిన వ్యవస్థది తప్పు.

వృత్తిలో ఉన్నవారికి అసలు అసంతృప్తి దేని మీద?

ఒక్కొక్కరికి ఒక్కో బాధ ఉంది, అందుకే అందరూ ఒక్క గొంతుతో మాట్లాడలేకపోతున్నారు.

రిజిస్టరులో పేరున్న క్లినికల్ సైకాలజిస్టుల బాధ వేరు. వారి చదువుకు మన దేశంలో పెద్ద చరిత్ర ఉంది. బెంగళూరులో ఇప్పటి నిమ్‌హాన్స్‌కు పూర్వరూపమైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో 1955లోనే ఈ శిక్షణ మొదలైంది. 2017 చట్టం నిర్వచనంలో కనిపించే మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ అనే పాత పేరు ఆ కాలం నుంచి వచ్చిందే. భారత క్లినికల్ సైకాలజిస్టుల సంఘం 1968లో ఏర్పడింది. ఇంత వయసున్న వృత్తికి సొంత మండలి లేదు. వైద్యులకు, నర్సులకు, దంతవైద్యులకు, ఫార్మసిస్టులకు ఉన్నట్టు తమ పేరుతో, తమ వారితో నడిచే మండలి కావాలన్నది వారి కోరిక. రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దానికి నిరంతర విద్యా కార్యక్రమాలకు హాజరై పాయింట్లు కూడబెట్టుకోవాలి. పునరుద్ధరణ మంచిదే. కానీ ఒంగోలులోనో కావలిలోనో ఒంటరిగా పనిచేసేవారు ఆ కార్యక్రమాల కోసం క్లినిక్ మూసి పెద్ద నగరాలకు పోవలసి వస్తోందని వారే చెబుతారు.

నా వంటి వారి బాధ ఇంకొకటి. చట్టం మమ్మల్ని నమోదు చేసుకోదు, ఆపదు కూడా. తప్పు చేస్తే శిక్షించే మండలి లేదు, సరిగ్గా పనిచేస్తే ఆ మాట ధ్రువీకరించే మండలీ లేదు. 2017 చట్టం మానసిక ఆరోగ్య నిపుణుల నిర్వచనంలో ఆయుర్వేదంలో మానసిక రోగాల పీజీ, హోమియోపతిలో సైకియాట్రీ పీజీ చేసినవారికి చోటిచ్చింది. సైకాలజీలో పీజీ చేసినవారికి ఇవ్వలేదు. ఆయుర్వేదం, హోమియో చదివినవారిని తీసేయమని నేను అనను. ఏ శాస్త్రం పేరులోనే మనసు ఉందో ఆ శాస్త్రం చదివినవారికి ఆసుపత్రిలో పర్యవేక్షణ శిక్షణ పొందే దారి ఎందుకు ఇంత ఇరుకుగా ఉందన్నది నా ప్రశ్న. ఎంఫిల్ సీట్లు బహు తక్కువ. మన రెండు జిల్లాల అమ్మాయి ఒకతె ఆ సీటు తెచ్చుకోవాలంటే పెళ్లి వయసు, అప్పు, ఊరు విడిచి రెండేళ్లు ఉండటం అన్నీ దాటుకుని పోవాలి. దాటలేక ఆగిపోయిన చురుకైన విద్యార్థినులు నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు బ్యాంకు ఉద్యోగాల్లో ఉన్నారు.

మూడో బాధ జనానిది. దాన్ని వృత్తిలోని వారు ఎక్కువగా మాట్లాడరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని పెద్దవారిలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. చాలా రుగ్మతల్లో చికిత్స అందనివారు 70 శాతానికి పైనే. అర్హత గల వారు లేని చోట నియమం ఎంత గట్టిగా రాసినా, ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వస్తారు.

ఎంఫిల్ రద్దయిందని విన్నాం. ఇప్పుడు దారేమిటి?

2022 నవంబరులో వచ్చిన విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) నిబంధనలు ఎంఫిల్‌ను మొత్తంగా తొలగించాయి. క్లినికల్ సైకాలజీకి అదే ప్రవేశ ద్వారం కాబట్టి విద్యార్థులు భయపడ్డారు. ఆ తర్వాత 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చారు. దాని స్థానంలోకి పునరావాస మండలి కొత్త కోర్సులు తెచ్చింది: క్లినికల్ సైకాలజీలో బీఎస్సీ ఆనర్స్, ఎమ్మే, సైడీ (డాక్టరేటు స్థాయి కోర్సు). ఒక ఏడాది ప్రొఫెషనల్ డిప్లొమా కూడా ఉంది. వీటిలో ఏది చదివినా ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి మండలి ఆమోదం ఉందో లేదో మండలి వెబ్‌సైటులో చూసిన తర్వాతే ఫీజు కట్టండి. కళాశాల బ్రోచరులో ఉన్న మాట చాలదు.

దూరవిద్యలో సైకాలజీ చదవవచ్చా?

2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. 2021 చట్టం పరిధిలోకి వచ్చే ఆరోగ్య వృత్తుల చదువులన్నిటికీ ఇది వర్తిస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుని నేర్చుకోవలసిన పని ఇది కాబట్టి ఈ నిర్ణయం నాకు సబబుగానే తోస్తుంది. అయితే ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ చదివే ఆడవారికి ఉన్న ఒకే తలుపు మూసినప్పుడు దగ్గరలో ఇంకో తలుపు తెరవాలి. జిల్లా కేంద్రాల్లో సాయంత్రపు రెగ్యులర్ కోర్సులు పెట్టాలని నేను అడుగుతున్నాను.

సదరం సర్టిఫికెట్ కోసం ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర ఐక్యూ పరీక్ష చేయిస్తే చెల్లుతుందా?

చెల్లదు. మేధో వైకల్యం శాతాన్ని ప్రభుత్వ ఆసుపత్రిలోని సదరం శిబిరంలో, అధీకృత బృందమే నిర్ణయించాలి. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకోండి.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా కలిగిరి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి గుర్తొస్తుంది. ఏడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నా బల్ల మీద సెగ్విన్ ఫారమ్ బోర్డు ఉంది. అది పిల్లల మేధో స్థాయిని అంచనా వేయడానికి వాడే చెక్క పలక. అందులో పది ఆకారాల గుంటలు, వాటికి సరిపోయే పది చెక్క ముక్కలు ఉంటాయి. మూడుసార్లు చేయించి, అన్నిటికంటే తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. వాడు గుండ్రటి ముక్కను వెంటనే పెట్టాడు. నక్షత్రం దగ్గర ఆగాడు. ముక్కను తిప్పకుండా గుంటకు అదిమిపెట్టి, అది పోకపోతే అరచేత్తో కొట్టి, చివరకు తల్లి ముఖంలోకి చూశాడు. ఆవిడ చెయ్యి చాచబోయి, నా వైపు చూసి ఆగిపోయింది. అంతా అయ్యాక, "మీరు చూశారు గదమ్మా, మీరే రాసిస్తే సరిపోదా? మళ్లీ నెల్లూరికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది" అంది.

రాసివ్వలేనని చెప్పాను. ఈ విషయంలో చట్టంతో నాకు తగవు లేదు. వైకల్యం 40 శాతం ఉందో లేదో తేల్చే ఆ కాగితం మీద నెలకు 6,000 రూపాయల పింఛను ఆధారపడి ఉంది. ఎవరంటే వారు సంతకం పెడితే నిజమైన పిల్లల వాటా దొంగ కాగితాల పాలవుతుంది. నా తగవల్లా సంతకం పెట్టగలిగిన వారు జిల్లాకు చాలినంత మంది లేకపోవడంతోనే. పిల్లవాడి ఇబ్బందుల గురించి నేను గమనించినది ఒక పేజీలో రాసి, శిబిరంలో డాక్టరుకు చూపించమని ఇచ్చి పంపాను. అంతవరకు ఏ కౌన్సెలరైనా చేయవచ్చు.

మా పిల్లవాడి రెసిడెన్షియల్ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారని చెప్పారు. ఆమె అర్హత అడిగే హక్కు మాకుందా?

ఉంది, తప్పక అడగండి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. కోచింగ్ కేంద్రాలకూ హాస్టళ్లకూ అవి వర్తిస్తాయి. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరు గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కరు గానీ కనీసం ఒకరుండాలి. మార్కుల ఆధారంగా పిల్లలను సెక్షన్లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని కూడా చెప్పింది.

నెల్లూరు పిల్లల చదువుల ఊరు. ఏ వీధిలో చూసినా హాస్టలు బస్సులే. అలాంటి ఊళ్లో ఈ తీర్పు అక్షరాలా అమలైతే ఎంత మంది శిక్షితులు కావాలో ఊహించండి. ఉన్నవారు చాలక, ఖాళీగా ఉన్న లెక్చరరుకో వార్డెనుకో కౌన్సెలరన్న పేరు తగిలించడం నేను స్వయంగా చూశాను. ఒక కళాశాలలో నన్ను నెలకోసారి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి పొమ్మన్నారు. పిల్లలతో మాట్లాడే గంట టైంటేబుల్‌లో లేదని చెప్పారు. ఒప్పుకోలేదు. కాబట్టి తల్లిదండ్రులు మూడు విషయాలు అడగాలి: ఏం చదివారు, వారంలో ఎన్ని గంటలు ఉంటారు, పిల్లవాడు ప్రిన్సిపాల్‌కు తెలియకుండా ఆమెను కలవగలడా. మూడో ప్రశ్నకు జవాబు తడబడితే అక్కడ కౌన్సెలింగ్ జరగడం లేదని అనుకోవచ్చు.

మానసిక జబ్బు ఉన్నవారిని ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోతారు కదా, అది చట్టవిరుద్ధమా?

మొక్కుకోవడం, నిద్ర చేయడం ఎవరి విశ్వాసం వారిది. చట్టం దానికి అడ్డు రాదు. ఎక్కడైనా సరే, మనిషిని గొలుసులతో కట్టడం మాత్రం 2017 చట్టం 95వ సెక్షను ప్రకారం నిషిద్ధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మంటల్లో చనిపోయాక ఈ మాట చట్టంలోకి ఎక్కడానికి పదహారేళ్లు పట్టింది. నా దగ్గరికి వచ్చే కుటుంబాలకు మొక్కు మానమని నేను చెప్పను, మందు మానవద్దని చెబుతాను.

సైకాలజిస్టు అర్హత నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

క్లినికల్ అని ఉంటే పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, మండలి వెబ్‌సైటులో వెతకండి. కౌన్సెలర్ అయితే పీజీ ఏ విశ్వవిద్యాలయంలో, ఏ పద్ధతిలో చేశారో, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారో అడగండి. మందులు రాస్తే లేచి వచ్చేయండి. అడిగినందుకు కోపం తెచ్చుకునేవారి దగ్గర మళ్లీ కూర్చోనక్కర్లేదు.

తప్పు జరిగితే ఫిర్యాదు ఎవరికి?

రిజిస్టరులో ఉన్న క్లినికల్ సైకాలజిస్టు మీదైతే పునరావాస మండలికి, మానసిక ఆరోగ్య కేంద్రం మీదైతే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు. లేని హోదా చెప్పుకుని డబ్బు తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 318, 319 సెక్షన్ల కింద మోసం కాబట్టి పోలీసులకు. ఫీజు తీసుకుని సేవ సరిగా ఇవ్వకపోతే నెల్లూరులో, ఒంగోలులో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్లకు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే అక్కడ కోర్టు ఫీజు ఉండదు. రిజిస్టరులో లేని కౌన్సెలర్ల మీద వృత్తిపరమైన విచారణ జరిపే చోటు నేటికీ లేదు. నా మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే దాన్ని అర్థం చేసుకోగలిగిన నిపుణుల ముందు వినిపించే వీలు లేకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

నేను చెప్పిన విషయాలు రహస్యంగా ఉంటాయా?

ఉంటాయి. గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను ఇచ్చిన హక్కు. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశం ఉన్నప్పుడు మినహాయింపులు ఉన్నాయి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. మొదటి సిట్టింగులోనే ఈ మాట మీకు చెప్పడం నిపుణుల బాధ్యత.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

బ్రిటన్‌లో 2009 జులై నుంచి సైకాలజిస్టుల నియంత్రణ ఆరోగ్య వృత్తుల మండలి చేతికి వెళ్లింది. అప్పుడూ అక్కడి నిపుణుల్లో చాలా మంది ఆ ఏర్పాటును వ్యతిరేకించారు. క్లినికల్, కౌన్సెలింగ్, ఎడ్యుకేషనల్ వంటి పేర్లకు అక్కడ రక్షణ ఉంది, ఉత్త సైకాలజిస్టు అన్న మాటకు లేదు. మనం గమనించవలసినది ఏమిటంటే, అక్కడ కౌన్సెలింగ్ సైకాలజిస్టుకూ, క్లినికల్ సైకాలజిస్టుకూ ఒకే రిజిస్టరులో చోటుంది.

అయితే మీరు నియంత్రణ వద్దంటున్నారా, కావాలంటున్నారా?

కావాలంటున్నాను, గట్టిగా కావాలంటున్నాను. సైకాలజిస్టులందరికీ ఒకే రిజిస్టరు ఉండి, అందులో చదువునుబట్టి, శిక్షణనుబట్టి వేర్వేరు భాగాలు ఉండాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి పనిచేస్తున్న పీజీల వారికి పరీక్ష పెట్టి, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక విభాగాల్లో పర్యవేక్షణలో పనిచేసే అవకాశం ఇవ్వాలి. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ బోధనాసుపత్రులు ఉన్నాయి. అక్కడ ఓపీలో వారానికి రెండు రోజులు సీనియర్ల పక్కన కూర్చునే ఏర్పాటు చేస్తే ఆసుపత్రికి చేతులు దొరుకుతాయి, మాకు విద్య దొరుకుతుంది. ఆ పరీక్షలో నేను తప్పితే నా బోర్డు దించేస్తాను.

ఇవన్నీ తేలేలోపు, ఈ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలంటే?

ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.